ఋషిఋణమును బడిపన్నును

మనుస్మృతి తృతీయాధ్యాయమున శ్రాద్ధభోజనమునకు పిలువదగని బ్రాహ్మణుల పట్టిక యొకటి గలదు. వైద్యముచే జీవించువాడు, వేతనమునకు దేవతార్చన చేయువాడు, మాంసము విక్రయించువాడు, అంగడి పెట్టి బ్రదుకువాడు, ఇట్లు సాగిన యా వరుసలో కొన్ని శ్లోకముల పిదప జీతము గొని వేదము చెప్పువాడును, జీతమిచ్చి చెప్పించుకొన్నవాడును చేర్పబడిరి. ఈ పట్టికను చేతబట్టుకొని నేడు నంద్యాల పట్టణమున పితృకార్యము తలపెట్టిన గృహస్థునకు విస్తరి ముందు కూర్చుండ నర్హుడొక్కడైనను దొరకునా యన్నది సందేహమే. బ్యాంకు కొలువుల పరీక్షలకును, ఉపాధ్యాయ నియామకపు పరీక్షలకును శిక్షణ పొందుటకై రాష్ట్రపు నలుమూలల నుండి యువకులు వచ్చి, ఇరుకైన అద్దెగదులలో కాపురముండి, కోచింగు రుసుములు కట్టి చదువుకొను నూరది. సోనా బియ్యముతోను, పత్తివిత్తనములతోను పాటు విద్యయు నచట వెలగట్టబడి, బేరమాడబడి, వాయిదాలమీద చెల్లింపబడుచున్నది. శాస్త్రము తప్పా, పట్టణము తప్పా యని తీర్పు చెప్ప బూనుటకంటె, ఆ శాస్త్రము నిషేధించిన దేమో మొదట తెలిసికొనుట మేలు. ఏలయన గురువునకు దక్షిణ యిచ్చి తీరవలెనని విధించినదియు నా శాస్త్రమే. గురువు పస్తుండవలెనని అది యెచ్చటను చెప్పియుండలేదు.

నిషేధ మంతయు శిష్యునకును గురువునకును నడుమ వెల వచ్చి నిలుచుటను గూర్చినది. వెల చెల్లించినవాడు తన పని తీరినదనుకొనును; పుచ్చుకొన్నవాడును అట్లే తలచును; ఆ మీదట ఒకరి కొకరు బాకీ లేరు. విద్యవిషయమున ఇట్లు తీరిపోవుట యనునది పొసగదని ప్రాచీనుల నమ్మకము. పుట్టిన ప్రతివాడును మూడు ఋణములతో పుట్టుననియు, ఋషుల ఋణము నధ్యయనముచేతను, దేవతల ఋణమును యజ్ఞముచేతను, పితరుల ఋణమును సంతానముచేతను తీర్చుకొనవలెననియు వారు చెప్పిరి. ఈ మూటిలో ఋషిఋణము మిక్కిలి విచిత్రమైనది. అప్పిచ్చిన వాడెవ్వడో తెలియదు. వ్రాసికొన్న పత్రము లేదు. మొదటి అక్షరమును తీర్చిదిద్దిన వేలు ఎవరిదో, మొదటి లెక్కను కట్టిన తల యెవరిదో మన మెరుగము. ఇచ్చినవానికి తిరిగి చెల్లింప వీలులేదు గనుక, మనకు తరువాత వచ్చిన వానికి చెల్లించుటయే దీనికి గల యేకైక మార్గము. తరువాత వచ్చినవాడు మన బిడ్డయే కావలెనన్న నియమ మెందును లేదు. సంతానము లేని వృద్ధుడును, తన సంతానమును ప్రైవేటు బడికి పంపుకొను వర్తకుడును, మూడవ తరగతిలోనే బడి మానిన కూలివాడును ఈ అప్పునకు సమానముగనే బాధ్యులు. బడిపన్ను నే నెందుకు కట్టవలెను, నా పిల్ల లా బడిలో లేరు గదా యన్న ప్రశ్న లోకమున బడిపన్ను గల ప్రతిచోటను వినబడుచునే యున్నది. దానికి అర్థశాస్త్రము చెప్పు సమాధానములు పెక్కు గలవు గాని, వానిలో నేదియు ఈ ఋణభావమంత సూటిగ తగులదని నా యభిప్రాయము.

కాళిదాసు రఘువంశ ప్రథమసర్గలో రాజు పన్ను గ్రహించుటను సూర్యుడు నీటిని గ్రహించుటతో పోల్చిన శ్లోకమును మన ఆర్థికమంత్రులు బడ్జెట్టు ప్రసంగములలో నుదాహరించుట కలదు. ఐదవ సర్గ నుదాహరించిన మంత్రిని నేను వినియుండలేదు. ఆ సర్గలోని కథ పన్నులను గూర్చినది కాదు. ఉపాధ్యాయుని బకాయిని గూర్చినది. వరతంతు మహర్షికడ పదునాలుగు విద్యలు నేర్చిన కౌత్సుడు గురుదక్షిణ యేమి యిత్తునని యడుగగా, నీవు చేసిన శుశ్రూషయే చాలునని గురువనెను. శిష్యుడు పట్టు విడువక మరల మరల నడుగగా విసిగి, విద్య కొక కోటి చొప్పున పదునాలుగు కోట్లు తెమ్మనెను. కౌత్సుడు రఘుమహారాజుకడకు పోవుసరికి ఆ రాజు విశ్వజిద్యాగమున సర్వస్వమును దానము చేసి, బంగారు పాత్ర లేక మట్టిపాత్రతో నర్ఘ్యమిచ్చినాడు. ఖజానా రిక్తమని ఆ మట్టిపాత్రను జూచియే కౌత్సుడు గ్రహించి, దీవించి వెడలబోయెను. రఘువు వెళ్లనీయలేదు. గురుదక్షిణకై వచ్చిన యర్థి రఘునికడ దొరకక మరియొక దాత నాశ్రయించెనన్న యపవాదు తనకు వలదని, రెండు మూడు దినములు అగ్నిశాలయందుండుమని ప్రార్థించి, కుబేరునిమీదికి దండెత్త నిశ్చయించెను. తెల్లవారుసరికి కోశాగారమున కనకవర్షము కురిసినది. కురిసినదంతయు కొనిపొమ్మని రాజు. గురువునకు వలసినదానికి మించి ముట్టనని యర్థి.

పురాణకథలలో ధనవర్షము కురియుట సామాన్యమే కావున దానిని విడిచి, మిగిలినదానిని చూడుడు. గురువు తన వేతనమును తానడుగలేదు. అడుగకపోవుట ఆయన గౌరవము. శిష్యునకు చెల్లించు శక్తి లేదు. లేకపోవుట ఆతని తప్పు కాదు. ఆ ఋణము వచ్చి నిలిచినది రాజు వాకిట. రాజునకు అంతకంటె గట్టి సాకు మరియొకటి యుండదు: సొమ్మంతయు సత్కార్యమునకే వ్యయమైనది, దుర్వినియోగ మేమియు లేదు. ఐనను ఆ సాకును రఘువు నోట పలుకలేదు. వచ్చు ఆర్థిక సంవత్సరమున చూతమనలేదు. పదునాలుగు విద్యలకు గాను ఏడింటికిచ్చి మిగిలినది గౌరవవేతనముగా భావింపుమనలేదు. మరియు, గురువు చాలునన్నాడు గదా యని ఆ మాటను ఆధారము చేసికొని తప్పించుకొనలేదు. ఈ చివరి విషయమును మన కాలపు ప్రభుత్వములు, ఏ పక్షమువైనను, ఆలోచింపవలసియున్నది.

ఇది కావ్యమున మాత్రమే జరిగినదని యనుకొనరాదు. క్రీ.శ. 1261 నాటి మల్కాపుర శాసనమున, కాకతి గణపతిదేవుని గురువైన విశ్వేశ్వరశంభువునకు మందర గ్రామమును, దానితో వెలంగపూడిని రుద్రమదేవి దానము చేసిన వృత్తాంతము గలదు. ఆ యాదాయమును మూడు పాళ్లుగా పంచి, మఠమునకును, విద్యార్థుల భోజనమునకును, ప్రసూతిశాల ఆరోగ్యశాల మొదలగువానికిని ఏర్పరచిరి. వేదములు చెప్పువారు ముగ్గురు, వ్యాకరణ తర్క సాహిత్య ఆగమాదులు చెప్పువారు అయిదుగురు, వారితో నొక వైద్యుడు, ఒక లేఖకుడు, వీరందరి వృత్తులకు భూమి కేటాయింపబడినది. బడ్జెట్టన్నచో నిదియే గదా. శిలమీద చెక్కబడుటచేత మధ్యలో కోత విధించుట మాత్రము కొంత కష్టము. ఆ మందరము నేటి మందడమనియు, ఆ వెలంగపూడి నేటి వెలగపూడియనియు చరిత్రకారులు గుర్తించిరి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సచివాలయము నేడున్నది వెలగపూడిలోనే. నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ బడిపంతులు జీతమెంతయో, కరవుభత్యపు బకాయి యెప్పుడో నిర్ణయమగు స్థలము, ఏడు వందల యేండ్లకు పూర్వము పంతుళ్ల పోషణకై రాసి యిచ్చిన యూరే యగుట యాదృచ్ఛికమే యైనను, తలచుకొన్నప్పుడెల్ల నాకు నవ్వును విషాదమును ఒక్కమారే కలుగును.

ఇంతవరకు పూర్వులను పొగడితిని. ఇక మరియొక పక్కను జూడవలెను. ఆ శాసనపు భోజనశాలలో ఏ పిల్లలు తినిరి? రాజశాసనమున నామముద్ర లేని కోట్లమంది, ఋషులకు తామును ఋణపడియున్నామని చెప్పుకొనుటకైనను అధికారము లేని వారు, ఆ వేదికకు వెలుపలనే నిలిచిరి. ఋణము సర్వులదని చెప్పి, తీర్చుకొను హక్కు కొందరిదని గిరిగీసిన వ్యవస్థ తన సిద్ధాంతమును తానే భంగపరచుకొన్నది. నంద్యాల సీమలో ఆ గిరి కొంతవరకు చెరగుట, పంతొమ్మిదవ శతాబ్ది నడుమ ఎస్.పి.జి. యను ఆంగ్లేయ క్రైస్తవ మిషను వారు ముత్యాలపాడున, కలసపాడున, అటుపిమ్మట నంద్యాలలోను స్థిరపడి, మాలమాదిగ పల్లెలలో బడులు పెట్టిన తరువాత జరిగినది. ఆ పల్లె పంతులు పగలు ఓనమాలు దిద్దించి, సందెవేళ ప్రార్థన నడిపినవాడు. అతని కొద్దిపాటి జీతము ఇంగ్లండు దేశపు చర్చిలలో, ఆ పల్లె పేరైనను పలుకలేని వారు వేసిన చందాలనుండి వచ్చినది. తన పల్లె ధనికుడు తీర్పని ఋణమును సముద్రముల కావలివాడు తీర్చినాడనుట అతిశయోక్తి కాదు. ఐతే చందా యనునది దానము. దాత మనసు మారిన దినమున అది యాగును. దానికి తోడు దాత తన మతము నందుకొమ్మని యడుగుట యుండనే యున్నది. పిదప ప్రభుత్వము గ్రాంటు లిచ్చి, పరీక్షాధికారి వచ్చిన దినమున ఎందరు పిల్లలు తప్పక నిలిచిరో లెక్కించి, ఉత్తీర్ణులనుబట్టి సొమ్ము చెల్లించు పద్ధతి నొకదానిని పెట్టినది. ఆ దినమున పిల్లవానికి చలిజ్వరము వచ్చెనా, పంతులు సంపాదనలో కొంత భాగమునకును వచ్చెనన్నమాట.

నంద్యాలలో మసీదులును మదర్సాలును పెక్కు గలవు గాన, ఇస్లాము ధర్మశాస్త్రమునందు ఈ ప్రశ్నకే జరిగిన మీమాంసను స్మరింపకుండుట లోపమగును. ఖురాను నేర్పుటకు కూలి పుచ్చుకొనరాదని హనఫీ సంప్రదాయపు తొలి పండితులు చెప్పిరి; తరువాతి పండితులు పుచ్చుకొనవచ్చునని యనుమతించిరి. దేవుని వాక్కు మునుపటికంటె చవుకయైనదని వారు తలంపలేదు. పూర్వము బోధకులకు బైతుల్‌మాల్, అనగా ప్రజాకోశమునుండి భరణము లభించెడిది. అది యాగిపోయినందున, బోధయే యంతరించునన్న భయముచేత కూలిని అంగీకరింపవలసివచ్చెను. మనువు చెప్పినదియు, హనఫీ పండితులు చెప్పినదియు ఈ స్థలమున నొకేచోటికి చేరుచున్నవి: ప్రజాకోశము తన ఋణమును చెల్లించుచున్నంత కాలము బోధకుడు శిష్యునిముందు చేయి చాపరాదు, కోశము చేతులెత్తిన నాడు చేయి చాపినవానిని తప్పుపట్ట నెవ్వరికిని అధికారము లేదు.

దత్తమండలపు వీధిబడులను గూర్చి మనకు తెలిసిన దానిలో పెద్దభాగము 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో యాజ్ఞాపించిన విచారణవలన దొరికినది. బళ్లారి కలెక్టరు క్యాంబెలు 1823లో పంపిన నివేదికలో తన జిల్లాలో 533 బడులున్నవనియు, వానిలో నొక్కదానికైనను ప్రభుత్వము నుండి సాయము లేదనియు సిగ్గుతో నొప్పుకొన్నాడు. పూర్వరాజులు విద్యకై వదలిన మాన్యములు క్రమముగ రద్దగుటయు, పిల్లలకు రుసుము చెల్లించు తాహతు తగ్గుటయు నాతడు గుర్తించినాడు. మన్రో 1826లో వ్రాసిన మినిటను అధికారపత్రములో, పంతుళ్లు సామాన్యముగ నెలకు ఆరేడు రూపాయలకు మించి యార్జించుట లేదనియు, అందుచే యోగ్యులు ఈ వృత్తికి రారనియు చెప్పి, జిల్లాకు రెండు, తహశీలు కొకటి చొప్పున బడులు పెట్టి, జిల్లాబడి పంతులునకు నెలకు 15 రూపాయలు, తహశీలుబడి పంతులునకు 9 రూపాయలు ఇయ్యవలెనని సూచించెను. మొత్తము వ్యయము సాలుకు 48,000 రూపాయలు. తొమ్మిది తక్కువ యగునేమో యను సందేహమునకు సమాధానము గూడ నాతడే చెప్పినాడు: పిల్లలనుండి అంతకు తక్కువగాకుండ మరికొంత వచ్చును గాన పంతులు స్థితి బాగుండును. ఆలోచన మంచిదే, ఆంతర్యమును మంచిదే. కాని ప్రభుత్వము తన వాటా తగ్గించి, లోటు పూడ్చుటకు పిల్లవాని తండ్రిని చూపుట యనునది అప్పుడే, ఆ మంచి మనస్సులోనే, అంకురించినది. మన్రో మరుసటి యేట పత్తికొండలో విశూచివలన మరణించెను. ఆతని బడులు పిదప పదేండ్లు గట్టిగా నిలువలేదు.

పంతులు మాత్రము నిలిచినాడు. అయ్యవారు దసరానాడు పిల్లలకు కొత్తబట్టలు కట్టించి, చేతికి విల్లంబు లిచ్చి, ఇంటింటికి త్రిప్పి, తనకింత పిల్లల కింతయని పద్యములు పాడించి మామూళ్లు పుచ్చుకొనెడివాడు. బడికి పిల్లలను పంపని పెద్దరైతు వాకిటను సైతము ఆ గుంపు నిలిచెడిది, ఆ రైతును లేదనక యేదియో యొకటి వేసెడివాడు. అది పన్నా, దానమా? చట్టము లేనందున పన్ను కాదు. ఇయ్యకున్న ఊరిలో మాటవచ్చును గాన వట్టి దానమును కాదు. వెల యుండవలసినచోట పండుగను పెట్టి మన పూర్వులు పంతులు ముఖమును కాపాడిరి. కడుపును పూర్తిగ కాపాడలేదు.

చట్టపు పన్ను చరిత్ర వేరు. 1850 దశకమున నరసాపురపు సబ్‌కలెక్టరు టేలరు ప్రోత్సాహమున గోదావరి సీమ రైతులు తమ శిస్తుపై కొంత చేర్చి చెల్లించి బడులు నడుపుకొనుటకు సమ్మతించిరి. అట్టి సమ్మతికి చట్టబలమిచ్చుటకై 1863లో మద్రాసు విద్యాచట్టము వచ్చెను. 1871 నాటి లోకలుఫండు చట్టమును, ఆ తరువాత 1920 నాటి ప్రాథమిక విద్యాచట్టమును వచ్చెను. ఈ కడపటిదానిచే స్థానికసంస్థ విద్యాపన్ను విధించుకొన్నచో ప్రభుత్వము తన వంతు చేర్చుటకు వీలు కలిగినది. అప్పటి బోర్డుబడి అయ్యవారి జీతము ఊరివారి పన్నునుండి కొంత, మద్రాసు నుండి కొంత వచ్చెడిది; ఆలస్యమైన నిలదీయుటకు బోర్డు ప్రెసిడెంటు ఎదుటనే యుండెడివాడు, నిలదీసిన బదిలీ చేయుటకును అతడే యుండెడివాడు. స్థానికాధికారపు తీపిచేదు లీ రెండును. 1959లో పంచాయతీసమితులకును జిల్లా పరిషత్తులకును బడు లప్పగింపబడెను. పేరు పరిషత్తుది, జీతము రాష్ట్ర ట్రెజరీది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుండి నంద్యాల జిల్లా వేరుపడినప్పుడు జిల్లా పరిషత్తు మాత్రము చీలలేదు. అందుచేత నంద్యాల కలెక్టరు పాలనలోని ఆళ్లగడ్డ ఉన్నతపాఠశాల బోర్డుమీది పరిషత్తు కర్నూలున కూర్చుండగా, జీతపు నిర్ణయము వెలగపూడిలో జరుగుచున్నది. పురపాలకసంఘపు ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు గలదు. బడి పేరిట పైసయైనను కానరాదు. పుస్తకమునకు ఋణపడితిమని గుర్తుచేయు రసీదు, పుస్తకము చదువ నేర్పినవానిని గూర్చి మౌనము వహించుచున్నది. పౌరుడు బడికి చెల్లించుట లేదని యర్థము కాదు. అగ్గిపెట్టె కొన్నను, లారీ కిరాయి కట్టినను చెల్లించుచునే యున్నాడు. చెల్లించుచున్నానని తెలియక చెల్లించుటచేత, బడిని తనదని యెన్నడును తలంపడు.

ఇట్లు ఎవరిదియు గాని బడిలో పంతులును ఎవరికిని చెందనివాడయ్యెను. గత శతాబ్ది చివరి దశాబ్దములలో నెలకు 398 రూపాయలమీద నియమింపబడిన ప్రత్యేకోపాధ్యాయులను జనులు 398 టీచర్లనియే పిలిచిరి. మనిషికి వేతనమే పేరగుట అరుదు. తరువాత అప్రెంటిసులు, విద్యావలంటీర్లు, కాంట్రాక్టు లెక్చరర్లు, అతిథి యధ్యాపకులు వచ్చిరి. వలంటీరనగా స్వచ్ఛందసేవకుడని భావము గదా. పది నెలల గౌరవవేతనముమీద, వేసవిలో జీతము లేక, మరుసటి జూనులో పిలుపు వచ్చునో రాదో తెలియక పనిచేయువానిని ఆ పేరు పెట్టి పిలుచుటలో గొప్ప తంత్రమున్నది. గురువు దైవమన్న భావమును బోధకుని శిరస్సుపై కిరీటముగ నుంచి, ఆ కిరీటపు విలువను జీతములో మినహాయించుకొనుట యది. నిష్కామకర్మ యనునది కర్త తనకు తాను విధించుకొనదగిన వ్రతము. యజమాని సేవకునికి విధించినచో దానికి వేరే పేరు గలదు.

ఆళ్లగడ్డ శిల్పులను జూడుడు. తరతరములుగ దేవతామూర్తులను మలచు ఆ యూరి పనితనమునకు భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. దూరదేశపు దేవాలయమువారు వచ్చి నారసింహమూర్తి నడిగినచో, శిల ఏదో, ఎత్తెంతయో, గడువెంతయో నిశ్చయించుకొని, ముందుగా కొంత పుచ్చుకొని పని మొదలిడుదురు. దేవుని చెక్కుచున్నావు గాన సగము కూలికే చెక్కుము, మిగిలినది పుణ్యమని యెవ్వరు ననరు. కూలి పూర్తిగ పుచ్చుకొన్నంతమాత్రమున ప్రతిష్ఠానంతరము విగ్రహపు మహిమ తగ్గినదని భక్తుడెవ్వడును ఫిర్యాదు చేయలేదు. పవిత్రమైన పనికి పూర్తివేతనము మైల కాదని శిల్పివిషయమున మనకు సహజముగ తెలిసియే యున్నది.

న్యాయస్థానములు సైత మీవిషయమున నూగిసలాడినవి. 2016 అక్టోబరు 26న జగ్జీత్ సింగ్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ఒకే పని చేయు తాత్కాలికోద్యోగికి స్థిరోద్యోగి వేతనశ్రేణిలోని కనీసమైనను ఈయవలెనని తీర్పుచెప్పి, తక్కువకు పనిచేయువాడు ఇష్టముతో చేయడనియు, కుటుంబమునకు కూడుగూడులకై ఆత్మగౌరవమును పణముపెట్టి చేయుననియు వ్యాఖ్యానించినది. 2019 మే 10న బీహారు ఉపాధ్యాయుల వ్యాజ్యమున అదే న్యాయస్థానము, పంచాయతీసంస్థలచే నియమితులైన సుమారు మూడున్నర లక్షలమందికి ప్రభుత్వోపాధ్యాయులతో సమానవేతనము నిరాకరించినది. వారి శ్రేణి వేరన్నది ఒక హేతువు. ఖజానాపై పడు భారము మరియొక హేతువు. ఆ భారము కల్పితము కాదు. రాష్ట్రముల విద్యావ్యయములో పెద్దభాగము జీతములకును పింఛనులకును పోవుచున్నదన్నది సత్యము. పూర్తివేతనము పుచ్చుకొనుచు పాఠము చెప్పని పంతుళ్లు లేరనుటయు అసత్యము. ఋణము చెల్లించువానివలెనే దానిని చేరవేయువాడును బద్ధుడు. మామూళ్ల కాలపు అయ్యవారు చేయని ఎగవేత నేడు వేతనసవరణ సంఘపు (పి.ఆర్.సి.) శ్రేణిలోని యొకడు చేయుచున్నచో అతనిని వెనుకవేసికొనివచ్చు పని నాది కాదు. ఐనను, వానికి శిక్షగా వాని ప్రక్క తరగతిలో వలంటీరును సగము కూటికి నిలుపుట యేమి న్యాయము?

మరి బడిపన్నును మరల ఊరిచేతికిచ్చిన నన్నియు చక్కబడునా? ఇచట స్థానికపన్నును నమ్ముకొన్న దేశము చెప్పు సాక్ష్యము వినవలెను. నంద్యాల, కర్నూలు ప్రాంతములనుండి వెడలి టెక్సాసులోని ప్లేనో, ఫ్రిస్కో పట్టణములలో ఇండ్లు కొన్నవారికి సాలుసాలున వచ్చు ఆస్తిపన్ను బిల్లులో పెద్దపాలు పాఠశాలాజిల్లాదే. ఆ డబ్బు ఏ బడికి, ఎంత జీతమునకు పోవునో వారికి తెలియును. బోర్డు సభలో లేచి యడుగుదురు. బాగున్నది. కాని అదే టెక్సాసులో శాన్ ఆంటోనియో నగరపు ఎడ్జ్‌వుడ్ జిల్లాలోని పేదలు హెచ్చురేటున పన్ను విధించుకొన్నను స్థానికముగ పిల్లవానికి 26 డాలర్లే రాగా, అదే ప్రాంతపు ఆలమో హైట్స్ ధనికులకు తక్కువరేటుతోనే 333 డాలర్లు వచ్చినవి. ఇది యన్యాయమని వేసిన వ్యాజ్యమును 1973లో అమెరికా సుప్రీముకోర్టు అయిదుగురు న్యాయమూర్తులు ఒకప్రక్క, నలుగురొకప్రక్కగా కొట్టివేసినది. మిల్లులు, గిడ్డంగులు, శిక్షణాకేంద్రములు గల నంద్యాలయు, దాని ముందు చిన్నదైన ఆళ్లగడ్డయు ఎవరి పన్నుతో వారు బడి నడుపుకొనవలసినచో మనకును ఎడ్జ్‌వుడ్‌లు పుట్టును.

అహోబిల నారసింహుని పార్వేట ఉత్సవము ఈ ముడికి కొంత వెలుగిచ్చునని నాకు తోచుచున్నది. సంక్రాంతి పండుగ తరువాత బయలుదేరిన స్వామి నెలకు పైగా ఆళ్లగడ్డ, రుద్రవరము మొదలగు మండలముల ముప్పదికి మించిన గ్రామములలో తిరుగుచు, తన పెండ్లికి రమ్మని ప్రజలను పిలుచును. ఏ యూరి తెలుపుమీద, అనగా పల్లకి దింపు తిన్నెమీద, పల్లకి దిగినదో ఆ యూరు ఆనాటి వేడుక నెత్తుకొనును. చిన్నయూరని స్వామి దాటిపోడు, పెద్దయూరని పది దినములు నిలువడు. సేవకు చేయు వ్యయము ఊరి కన్నులయెదుటనే జరుగును, ఉత్సవము నిలుపు భారము మాత్రము సీమ యంతయు మోయును. బడివిషయమున నేను కోరునది ఇంచుమించుగ నదియే. జీతముల మూలధనము రాష్ట్రమంతటినుండి వచ్చుటయే న్యాయము; దానికి తోడు ప్రతి పురపాలకసంఘమును, పంచాయతీయును బడి పేరిట ఒక చిన్నపన్నును రసీదుపై ప్రత్యేకముగ చూపి విధింపవలెను. 1920 చట్టపు పద్ధతిని తలక్రిందుచేసి, సంపన్నమైన యూరికి ప్రభుత్వపు జోడింపు తక్కువగను, పేదయూరికి అనేక రెట్లుగను ఉండవలెను. ఆ బడిలో నెందరు పంతుళ్లో, ఎవరు స్థిరులో, ఎవరు కాంట్రాక్టువారో, ఎవరికెంత బాకీయో గ్రామసభలో ఏట నొకమారు చదివి వినిపింపవలెను. తల్లుల ఖాతాలలో వేయు సొమ్ము, 2020 నాటి అమ్మఒడియైనను, ఇప్పటి తల్లికి వందనమైనను, బీదయింటికి మేలు చేయదని నే ననను. కాని ఆ సొమ్ము ప్రైవేటుబడి రుసుముగ మారినప్పుడు ఋణము మరల వెలయై, శిష్యునకును గురువునకును నడుమ వచ్చి నిలుచుచున్నది.

ఈ లెక్కలన్నిటికిని లొంగని బడి యొకటి నల్లమల యంచున గలదు. అహోబిలము చుట్టుపట్ల చెంచుగూడెములలో ఇండ్లు తక్కువ, పిల్లలు తక్కువ, పన్ను విధించుటకు ఆస్తి యన్నది లేనేలేదు. ఒక్కొక్క పిల్లవానిపై పడు పంతులు జీతమును భాగించి చూచినచో, నంద్యాలలోని యే బడికంటెను అది హెచ్చుగ తేలును. వెల లెక్కన ఆ బడి మూతపడవలసినదే. పిల్లల సంఖ్యనుబట్టి బడులను కలుపు ఉత్తరువు వచ్చినప్పుడెల్ల అట్టి బడులే మొదట పట్టికకెక్కును. దానము లెక్కన, దాతకు జ్ఞాపకమున్న యేట నడచి, మరచిన యేట నాగును. ఋణము లెక్కన మాత్రము భాగహారమే చేయరాదు; నలుగురికి బాకీపడినవాడు నలుగురే గదా యని బాకీ నెగవేయుట యెందును లేదు. చెంచులు నారసింహుని తమ యల్లునిగ నెంచి, చెంచులక్ష్మి పుట్టింటివారమని చెప్పుకొందురు. దేవస్థానమును, ప్రభుత్వమును, మనమందరమును ఆ బంధుత్వమును ఉత్సవవేళ ముచ్చటగ వర్ణింతుము. ఆ గూడెపు బడిలో పంతులు కొలువు ఖాళీగ నున్నదా, ఉన్నవాడు ఏ జీతముమీద నున్నాడు, ఆ జీతము ఏ నెలవరకు ముట్టినది యని పెండ్లివారి తరఫున అడుగువాడు గ్రామసభలో నొకడైనను లేవవలసియున్నది.